కెమెరా కొన్నారు సరే, దిద్దేది దేంతో?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరును. వంతెనల గురించి చెప్పమన్నా, కాలువల గురించి చెప్పమన్నా సిద్ధమే. కానీ మన సంఘం వాళ్లు ఫోటోల గురించి మాట్లాడమన్నారు. కారణం మీకు తెలుసు. ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపులో వారానికొకరు అడుగుతున్నారు: "అబ్బాయి అమెరికా నుంచి కెమెరా తెచ్చిచ్చినాడు, ఫోటోలు ఏ సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకోవాలి?" రిటైరైన మా సీనియర్లే ఎక్కువ. మా లెక్కల సారు కూడా అడిగారు. సారు అడిగాక చెప్పకుండా ఉండేంత ధైర్యం ఈ వయసులోనూ నాకు లేదు.

ఫోటో దిద్దడం కంప్యూటర్‌తో వచ్చిన విద్య కాదు. ఫిల్ము రోజుల్లో స్టూడియో వాళ్లు నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీసి మొహం మీది మచ్చలు కనబడకుండా చేసేవాళ్లు. నలుపు తెలుపు ఫోటోకు కుంచెతో రంగులద్దేవాళ్లు. 1990లో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఫోటోషాప్ మార్కెట్‌లోకి వచ్చింది. అంతవరకు స్టూడియో చీకటి గదిలో జరిగిన పని అప్పట్నుంచి బల్ల మీదికొచ్చింది.

ముందు మన ఊరి వెలుతురు సంగతి చెప్తాను. సాఫ్ట్‌వేర్ ఎంపిక అక్కడే మొదలవుతుంది.

మధ్యాహ్నం పన్నెండుకు హగరి ఒడ్డున ఇసుక దిబ్బల దగ్గర మీ నాయన్ను నిలబెట్టి ఫోటో తీయండి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వెనక తెల్లటి ఇసుక, పైన తెల్లబోయిన ఆకాశం. నడుమ ఎండకు మాడిన మొహం. కెమెరాకు మీ నాయన ఎవరో తెలియదు. అంత తెలుపు కనబడేసరికి వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గిస్తుంది. పంచె మడతలు చక్కగా వస్తాయి, మొహంలో కళ్లు మాత్రం కనబడవు. కెమెరా ఇచ్చే మామూలు జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. అదే కెమెరాలో 'రా' అనే పద్ధతి పెట్టి తీస్తే 4,096 మెట్లు, మంచి కెమెరాల్లో 16,384 మెట్లు. ఆ చీకట్లో దాగిన కళ్లను ఆ మెట్లలోంచే పైకి తేవాలి. కాబట్టి మీరు ఎంచుకునే సాఫ్ట్‌వేర్ రా ఫైల్ తెరవగలగాలి. అందులో 'షాడోస్' అనే మీట ఉండాలి. మొత్తం వెలుతురు పెంచితే ఆకాశం సున్నపు గోడ అవుతుంది. షాడోస్ ఒక్కటి కొంచెం పెంచితే పంచె పంచెలాగే ఉంటుంది, నాయన మొహం నాయనదిగా వస్తుంది.

నాయనదిగా అన్నాను చూడండి, అక్కడ ఒక మాట. మా బంధువుల పెళ్లి ఆల్బం ఒకటి ఈ మధ్య చూశాను. పెళ్లికూతురు, ఆమె అమ్మ, అమ్మమ్మ, ముగ్గురిదీ ఒకే గోధుమరంగు. అమ్మమ్మ ఎనభై ఏళ్లు పొలంలో చేసిన మనిషి. ఆమె నుదుటి మీద ఒక్క ముడత లేదు. స్టూడియోలో పనిచేసే పిల్లవాణ్ని అడిగితే, "అందరూ అట్లే అడుగుతారు సార్, చేయకపోతే డబ్బులివ్వరు" అన్నాడు. వాణ్ని తప్పు పట్టలేను. కానీ మీ చేతికి కెమెరా, కంప్యూటర్ వచ్చాక ఆ పని మీరే చేసుకుంటున్నారు కదా, ఒక్క నొక్కుతో తెల్లగా మార్చే బ్యూటీ మీటల జోలికి పోకండి. ఏ సాఫ్ట్‌వేర్ ప్రకటనలోనైనా ఆ మీటే ముందు కనబడుతుంటే, అది మీ నాయన ఫోటోకు పనికొచ్చేది కాదని నా లెక్క.

రెండో సంగతి దీనికంటే పెద్దది. సావనీరు కోసం పాత గ్రూపు ఫోటోలు సేకరించినప్పుడు మన కమిటీ వాళ్లు పడిన అవస్థ మీకందరికీ తెలుసు. వెనక వరసలో ఎడమ నుంచి మూడో అబ్బాయి ఎవరు? నలుగురిని అడిగితే నాలుగు పేర్లు. చెప్పగలిగిన సారు ఇప్పుడు లేరు. అట్ట వెనక పెన్సిల్‌తో ఎవరో పేర్లు రాసిపెట్టిన ఫోటో ఒక్కటే సందేహం లేకుండా అచ్చయింది. అది రాసిన పుణ్యాత్ముడెవరో గానీ, ఈ యాభై ఏళ్లలో ఫోటో విషయంలో మనకు జరిగిన గొప్ప మేలు అదే.

డిజిటల్ ఫోటోకు వెనక అట్ట లేదు. కానీ ఫైల్ లోపలే పేర్లు, ఊరు, తేదీ రాసుకునే చోటు ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు మీరు రాసిన పేర్లను ఫోటోలో కాకుండా తమ సొంత ఖాతాపుస్తకంలో దాచుకుంటాయి. పికాసా గుర్తుందా? 2004లో గూగుల్ కొన్నది, 2016లో మూసేసింది. ఎంతమంది కూర్చుని మొహాలకు పేర్లు పెట్టుకున్నారో! ఫోటోలను కొత్త కంప్యూటర్‌లోకి మార్చినప్పుడు పికాసా ఆ ఖాతాలు తోడుగా పోకపోతే పేర్లు పోయినట్టే. అందుకే ఏది వాడినా అమరికల్లోకి వెళ్లి, మెటాడేటాను ఫైల్‌లోనే రాయమనే ఎంపిక ఉందో లేదో చూడండి. డిజికామ్‌లో ఉంది, అది ఉచితం. అడోబీ వాళ్ల లైట్‌రూమ్‌లోనూ ఉంది.

అడోబీ అంటే గుర్తొచ్చింది. 2007లో దానికి అధిపతి అయిన శంతను నారాయణ్ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివినవాడు. మనవాడే. మనవాడి హయాంలోనే, 2013లో, ఫోటోషాప్ కొత్త వెర్షన్లు కొనుక్కునే పద్ధతి పోయి చందా కట్టే పద్ధతి వచ్చింది. ఇల్లు కొనడానికి, బాడుగకు ఉండడానికి ఉన్నంత తేడా. వృత్తిగా చేసేవాళ్లకు ఆ బాడుగ గిట్టుబాటే, ఆ సరుకు మంచిదే. పింఛను మీద బతికే మా సీనియర్లకు మాత్రం నేను చెప్పను. లైట్‌రూమ్ చందా ఆపేస్తే ఫోటోలు కనబడతాయి గానీ దిద్దే గది తలుపు మూసుకుంటుంది.

మరి ఏది? ముందు మీ కెమెరా కంపెనీ ఉచితంగా ఇచ్చేది దించుకోండి. కానన్‌కు డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్‌కు ఎన్‌ఎక్స్ స్టూడియో. మీ కెమెరా రా ఫైల్‌ను వాటంత బాగా ఎరిగినది ఇంకోటి లేదు. మూణ్ణెల్లు వాటితో చేయి తిరిగాక డార్క్‌టేబుల్ గానీ రాథెరపీ గానీ చూడండి, రెండూ ఉచితమే. డార్క్‌టేబుల్‌కు కొంచెం బలమైన కంప్యూటర్ కావాలి, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. మనవడి పాత ల్యాప్‌టాప్ మీకు ఇచ్చి ఉంటే జేపెగ్‌తోనే తీసి, ఇర్ఫాన్‌వ్యూలో కత్తిరించుకుని సంతోషపడండి. అందులో తక్కువేమీ లేదు. ఒక్కటే, జేపెగ్‌ను దిద్ది భద్రపరిచిన ప్రతిసారీ కొంత సమాచారం పోతుంది. అసలు ఫైల్‌ను ముట్టకుండా, నకలు మీద పనిచేయండి.

ఫోటో మీద తెలుగులో రాసుకోవాలనుకునేవాళ్లకు ఒక పరీక్ష. 'స్వర్ణోత్సవం' అని యూనికోడ్‌లో కొట్టి చూడండి. మన ఫ్లెక్సీ వేసినతను కూడా ఈ పదం దగ్గరే తంటాలు పడ్డాడు. పాత ఫోటోషాప్‌లలో వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. గింప్‌లో సరిగ్గా వస్తుంది, అదీ ఉచితమే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పదో తరగతి గదిలో నా ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. కెమెరా, కార్డు, కేబుల్ తెచ్చుకోండి. లెక్కల సారు వంతు ముందు. పాత గ్రూపు ఫోటోలు స్కాన్ చేసినవి కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. వెనక వరసలో ఇంకా పదకొండు మందికి పేర్లు లేవు. తెలిసినవాళ్లు వచ్చి చెబితే అక్కడికక్కడే ఫైల్‌లో రాసేద్దాం.