నవోదయకు దరఖాస్తు పెట్టే ముందు

(ఉయ్యూరులో ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం)



ఆస్పత్రి వాళ్లు పిలిచి నవోదయ పరీక్ష గురించి చెబుతారేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. దరఖాస్తుల కాలం వచ్చిందంటే పిల్లల ఓపీలో కడుపునొప్పి, తలనొప్పి అంటూ వచ్చే ఐదో తరగతి పిల్లలు కనబడుతూ ఉంటారు. పరీక్ష చేస్తే జబ్బేమీ ఉండదు. ‘ట్యూషన్ ఎన్నింటికి నాన్నా?’ అని అడిగితే అప్పుడు సంగతి బయటపడుతుంది. తెల్లవారుజామున ఒకటి, బడి వదిలాక ఇంకొకటి.

పల్లెటూరి పిల్లల్లో చురుకైన వారిని ఏరి, ఉచితంగా మంచి చదువు చెప్పించాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడాది మన పక్కనే గుంటూరు జిల్లా తాడికొండలో మరొకటి వచ్చింది. పి.వి. నరసింహారావు గారు కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉండగా, 1986 జాతీయ విద్యా విధానంతో అదే ఆలోచన నవోదయ విద్యాలయాల రూపంలో దేశమంతా వెళ్లింది. మన కృష్ణా జిల్లా నవోదయ హనుమాన్ జంక్షన్ దగ్గర వేలేరులో ఉంది. ఆరో తరగతిలో తీసుకునేది 80 మందిని. భోజనం, వసతి, బట్టలు, పుస్తకాలు అన్నీ ఉచితం. కౌలు రైతు బిడ్డకైనా, చెరకు కోత కూలీ బిడ్డకైనా ఇది పెద్ద అవకాశం. అందుకే తల్లిదండ్రుల ఆరాటాన్ని నేను తప్పుపట్టను.

ముందు కాగితాల సంగతి చెబుతాను. దరఖాస్తుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లో పెట్టాలి. బడి హెడ్మాస్టరు గారు సంతకం చేసిన ధ్రువపత్రం, పిల్లల ఫోటో, పిల్లల సంతకం, మీ సంతకం కావాలి. పుట్టిన తేదీ, పేరులో అక్షరాలు, బడి రికార్డులోను ఆధార్‌లోను ఒకటిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. సీటు వచ్చాక తేడా బయటపడితే తిరుగుడు మీకే.

రెండు నిబంధనలు చాలామందికి తెలియవు. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంత పిల్లలకు. అయితే మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు బడిలో చదివినా ఆ బిడ్డను పట్టణం కిందే లెక్కిస్తారు. ఆకునూరులోనో, కలవపాములలోనో, కాటూరులోనో పంచాయతీ బడిలో చదువుతున్న పిల్లవాణ్ణి ‘కోచింగ్ బాగుంటుంది’ అని నాలుగో తరగతిలో తెచ్చి నగర పంచాయతీ అయిన ఉయ్యూరు బడిలో వేశారనుకోండి, ఉన్న హక్కు పోగొట్టినట్టే. రెండోది, ఏ జిల్లా నవోదయకు పెడుతున్నారో ఆ జిల్లా బడిలోనే ఐదు చదువుతూ ఉండాలి. దూరపు జిల్లాలో కోచింగ్ హాస్టలులో చేర్చి, ఇక్కడ పేరు మాత్రం ఉంచడం మోసమే, పట్టుబడితే సీటు పోతుంది. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి మన హద్దుల లెక్క ఎలా ఉందో ఆ ఏటి ప్రకటనలో చదువుకోండి. ఏ కోచింగ్ సెంటరుకూ నవోదయ సమితి గుర్తింపు లేదు. బోర్డు మీద ఏం రాసుకున్నా సరే.

పరీక్ష ఒక్కసారే. రెండోసారి రాయనివ్వరు. ‘ఇంకో ఏడాది ఐదులోనే కూర్చోబెడదాం’ అనే మాట పనికిరాదు. పిల్లల మీద బరువు పెరిగేది ఈ ఒక్కసారి అన్న మాట దగ్గరే.

పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు 50 మార్కులు, బొమ్మలే. వరుసలో వేరుగా ఉన్న బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే ఎక్కడెక్కడ చిల్లులుంటాయి, ఇలాంటివి. మిగతాది లెక్కలు, భాష. తెలుగులో రాయవచ్చు. తప్పు జవాబుకు మార్కు కోయరు. ఈ బొమ్మల భాగానికి వేలు పోసి కోచింగ్ ఎందుకో నాకు అర్థం కాదు. అమ్మ పక్కన కూర్చుని చుక్కల ముగ్గు సగం వేసి, మిగతా సగం పాపను వేయమంటే అది సాధనే. పాత నోటుబుక్కు కాగితం మడిచి, కత్తెరతో చిన్న ముక్క కత్తిరించి, ‘విప్పితే ఎలా ఉంటుందో చెప్పు’ అనండి. చదువు రాని నాయనమ్మ కూడా ఈ ఆట ఆడించగలదు. పాత ప్రశ్నపత్రాలు వారానికి ఒకటి గడియారం పెట్టి చేయిస్తే చాలు. ఇంకొక చిన్న విషయం. మన పిల్లలకు పెన్సిలు అలవాటు. ఓఎంఆర్ షీటు మీద బాల్ పెన్నుతో గుండ్రం నింపాలి, చెరపడానికి వీలుండదు. అది నేర్పండి.

ఇక మా పని విషయం. ఈ వయసు పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పడుకోబెట్టి నాలుగున్నరకు లేపితే పిల్లవాడు పుస్తకం ముందు కూర్చుంటాడు గాని బుర్రలోకి ఏమీ పోదు. పగలు చదివినది నిలిచేది నిద్రలోనే. సాయంత్రం గంటసేపు పరిగెత్తి ఆడుకోనివ్వండి. ఆరుబయట వెలుతురులో ఉండే పిల్లలకు దూరపు చూపు మందగించడం తక్కువ. కళ్ల పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. ‘వీడికి లెక్కలు రావు’ అనిపించుకున్న పిల్లవాడికి బోర్డు మీది అంకెలే కనబడకపోవడం అరుదేమీ కాదు. పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడే పిల్లకు హిమోగ్లోబిన్ చూపించండి. 11 ఏళ్ల వరకు 11.5 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్ర మానిపించవద్దు. గుడ్డు, తోటకూర, పప్పు, బెల్లం వేసిన నువ్వుండ పెట్టండి. జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు తగలేయకండి.

తరువాత, వెళ్లాలని పిల్లవాడికి ఉందా? ఇది చాలా ఇళ్లలో అడగని ప్రశ్న. పదేళ్లకే తల్లిని వదిలి హాస్టలులో ఉండాలి. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఒక ఏడాదికి హిందీ రాష్ట్రపు నవోదయకు పంపుతారు, అదీ తెలుసుకోండి. రాత్రి పక్క తడిపే పిల్లలు ఈ వయసులో నూటికి ఐదుగురి దాకా ఉంటారు. సిగ్గుపడి దాచి హాస్టలుకు పంపితే తోటివాళ్ల ఎగతాళికి ఆ బిడ్డ నలిగిపోతుంది. దానికి వైద్యం ఉంది, ముందే తీసుకురండి. ఉబ్బసం, మూర్ఛ ఉంటే దాచకుండా బడికి మందుల చీటీతో సహా చెప్పండి.

సీటు రాకపోతే? వచ్చేవాళ్ల కంటే రానివాళ్లే ఎన్నో రెట్లు. ఫలితాల రోజు ‘పక్కింటి వాడికి వచ్చింది, నీ మీద పెట్టిందంతా బూడిదపాలు’ అన్న మాట వద్దు. పిల్లలు ఆ మాట పెద్దయ్యాక కూడా అప్పజెబుతారు. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ బడి పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు.

అన్నం మానేయడం, గోళ్లు కొరకడం, ఊరికే ఏడవడం, బడికి పోనని మొండికేయడం వారాల తరబడి ఉంటే చూపించండి. ‘చచ్చిపోతాను’ అని పిల్లవాడు అంటే నవ్వి ఊరుకోవద్దు, కొట్టవద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని వినండి, అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పరీక్ష ముందు రోజు కొత్త పాఠం పెట్టకండి. ఉదయం రోజూ తినే ఇడ్లీయో ఉప్మానో పెట్టండి, బయటి టిఫిను వద్దు. హాల్ టికెట్టు, రెండు బాల్ పెన్నులు, మంచినీళ్ల సీసా చాలు. పిల్లవాడు బయటకు రాగానే ‘ఎన్ని రాశావు?’ అనకుండా ముందు మజ్జిగ ఇవ్వండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. చంటిబిడ్డలతో వచ్చిన అమ్మలు ముందు అడగవచ్చు.