తీవ్రవాదానికి బీజం ఎక్కడ పడుతుంది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముస్లిం పేరుతో ఎక్కడ హింస జరిగినా రెండు మాటలు వినిపిస్తాయి. "వాళ్ల మతం నేర్పిందే అది" అని కొందరంటారు. "దానితో మాకేం సంబంధం?" అని మనలో కొందరు చేతులు దులుపుకుంటారు. ఈ రెండు మాటలతోనూ అసలు కారణం బయటపడదు. అందుకే ఈరోజు ఒక ప్రాంతం గురించి చెబుతాను.

ఆఫ్రికాలో చాద్ సరస్సు చుట్టూ నైజీరియా, నైజర్, చాద్, కామెరూన్ దేశాలున్నాయి. 1960లలో దాదాపు 25,000 చదరపు కిలోమీటర్లున్న ఆ సరస్సు, వరుస కరువులతో 1980ల నాటికి పదో వంతుకు కుంచించుకుపోయింది. తరువాత కొంత కోలుకున్నా, జాలర్లు, రైతులు, పశువుల కాపరులు అప్పటికే చితికిపోయారు. నైజీరియాకు చమురు సంపద ఉంది. ఈశాన్యాన ఉన్న బోర్నో రాష్ట్రానికి మాత్రం చాలినన్ని బడులు లేవు, ఉద్యోగాలు లేవు.

ఆ రాష్ట్ర రాజధాని మైదుగురిలో 2002 ప్రాంతంలో ముహమ్మద్ యూసుఫ్ అనే బోధకుడు, తరువాత బోకో హరామ్‌గా పేరుపడిన బృందాన్ని నడిపాడు. పాలకుల అవినీతిని ఎండగట్టాడు, పాశ్చాత్య చదువు నిషిద్ధమన్నాడు. పనిలేని యువకులు అతని చుట్టూ చేరారు. 2009 జులైలో జరిగిన ఘర్షణల్లో వందలాది మంది చనిపోయారు. యూసుఫ్‌ను పట్టుకున్న పోలీసులు విచారణ లేకుండానే చంపేశారు. దాంతో ముఠా అణగిపోలేదు. అంతకంటే క్రూరుడైన షెకావ్ చేతికి వెళ్లింది. 2013 ఆగస్టులో కొండుగా మసీదులో తెల్లవారు నమాజు చేస్తున్న 40 మందికి పైగా హతమయ్యారు. 2014 ఏప్రిల్‌లో చిబోక్ బడి నుంచి 276 మంది బాలికలను ఎత్తుకుపోయారు. 20 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి పోయారు.

ఆఫ్రికాలో ఇటువంటి ముఠాల్లో తమంతట తాము చేరినవారితో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి విభాగం మాట్లాడి, 2017లో నివేదిక ఇచ్చింది. చివరికి తమను అటు నెట్టింది ప్రభుత్వ చర్యేనని, అంటే తమవారిని చంపడమో అరెస్టు చేయడమో వంటిదని, 71 శాతం మంది చెప్పారు. మత గ్రంథాలు తమకు అంతగా అర్థం కావని, లేదా అసలే తెలియవని 57 శాతం మంది ఒప్పుకున్నారు. కనీసం ఆరేళ్లు మతవిద్య అభ్యసించినవారు ఇలా చేరే అవకాశం సుమారు మూడో వంతు తక్కువని తేలింది.

ఆకలైనా అన్యాయమైనా అమాయకుల ప్రాణాలు తీయడాన్ని సమర్థించవు. కానీ కారణం తెలియకుండా మందు వేయలేం కదా! దీన్ సరిగా తెలిసిన పిల్లవాడిని అరకొర బోధకుడు మోసగించలేడు. చేతిలో పని ఉన్న యువకుడు అంత సులభంగా అమ్ముడుపోడు. న్యాయం దొరుకుతుందని నమ్మే ఇల్లు పగను పెంచుకోదు.

దాతలారా! మీ జకాత్, సదకా ఒక పూట అన్నంతో ఆగిపోకూడదు. పిల్లల ఫీజుకు, దీనీ చదువుకు, యువకుడి చేతిపనికి కూడా అందాలి. ఇంటి మగవాడు జైల్లో ఉన్న కుటుంబాన్ని చూసి మనం తప్పుకుపోతాం. ఆ నేరం రుజువైనా కాకపోయినా, ఆ ఇంటి పసివాళ్లు చేసిన పాపమేమిటి? మనం తట్టని ఆ తలుపును రేపు మరెవరో తడతారు.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని, స్థోమతను ప్రసాదించుగాక. ఆమీన్.