దరఖాస్తులో మన పిల్లలు వదిలేసే గడి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కాలేజీ సీట్ల గురించి మాట్లాడమన్నారు. పది నిమిషాలే ఇచ్చారు కనుక నేరుగా విషయానికి వస్తాను.

మన దగ్గర ఇంజనీరింగ్ సీటుకు ర్యాంకే దారి. తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా తీసేశారు. పిల్లవాడు ఎలాంటివాడని అడిగేవారు లేరు. దాన్ని నేను తప్పు పట్టను. సిఫారసు చెల్లని చోట పేదవాడికి మేలే.

అమెరికాలో డిగ్రీకి వెళ్లాలనుకునే పిల్లల సంగతి వేరు. ఇప్పుడు మన ఊళ్ల నుంచీ అడుగుతున్నారు. అక్కడ చాలా కాలేజీలకు కామన్ అప్లికేషన్ అనే ఒకే దరఖాస్తు ఉంటుంది. అందులో 650 మాటలకు మించని వ్యాసం ఒకటి రాయాలి. చదువు కాక ఇంకేం చేస్తావో పది వరకు చెప్పుకోవచ్చు. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే.

ఈ పది గడుల దగ్గరే మనవాళ్లు బోల్తా పడుతున్నారు. డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్లు, రెండు రోజుల నాయకత్వ శిబిరం, 'సమాజ సేవ' అని ఒక ముక్క. అందరివీ ఒకేలా ఉంటాయి. అదే పిల్లవాడు రోజూ సాయంత్రం నాన్న కిరాణా కొట్లో కూర్చుని ఖాతా పుస్తకం రాస్తుంటాడు. అది రాయడు. నామోషీ! కుటుంబ బాధ్యతలు, జీతానికి చేసే పని అని ఆ దరఖాస్తులోనే విడిగా వర్గాలున్నాయి. అమ్మ పొలానికి వెళితే తమ్ముణ్ణి చూసుకునే అమ్మాయికీ అక్కడ చోటుంది. ఎన్ని గంటలు, ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. మూడేళ్లు రోజుకు రెండు గంటలు కొట్టు నడిపినవాడి ముందు రెండు రోజుల శిబిరం ఏపాటి?

ఇక సిఫారసు లేఖలు. చాలాచోట్ల జరిగేది మనకు తెలిసిందే. కన్సల్టెన్సీ వాళ్లు రాసిస్తారు, మాస్టారు సంతకం పెడతారు. 'తెలివైనవాడు, క్రమశిక్షణ గలవాడు, కష్టపడతాడు.' చదివేవాళ్లకు దానివల్ల ఏం తెలుస్తుంది? బోర్డు మీద మీరు వేసిన లెక్కలో గుర్తు తప్పితే, క్లాసులో అనకుండా విరామంలో వచ్చి మెల్లగా చెప్పిన పిల్ల ఉంటే, అది రాయండి. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు.

'మన బడి పదితో సరి, మాకేం సంబంధం?' అని ఒక టీచరుగారు అడిగారు. సంబంధం ఉంది. వాళ్లు తొమ్మిదో తరగతి నుంచి మార్కులు అడుగుతారు, ఆ రికార్డు మన ఆఫీసులో ఉంది. పైగా వందల మంది ఉన్న ఇంటర్ కాలేజీలో లెక్చరరుకు పిల్లవాడి పేరే తెలియకపోవచ్చు. లెక్చరర్ల లేఖలు కాక, చాలా కాలేజీలు ఇంకొకరి లేఖను కూడా తీసుకుంటాయి. పిల్లవాణ్ణి అయిదేళ్లు చూసినవారు మీరు.

డబ్బు మాటకొస్తే, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., అమ్‌హర్స్ట్ లాంటి కొన్ని మాత్రమే విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అని చూడకుండా ఎంపిక చేస్తాయి, ఎంపికైతే అవసరమైనంత సాయం ఇస్తాయి. వాటిలో సీటు దొరకడం బహు కష్టం. మిగతా చాలాచోట్ల సాయం అడగడం ఎంపిక మీద ప్రభావం చూపుతుంది. ఇల్లు తాకట్టు పెట్టే ముందు తల్లిదండ్రులకు ఇది చెప్పాలి.

రెండు మనవులు. టీచర్లు తొమ్మిదో తరగతి నుంచే ఒక నోటు పుస్తకం పెట్టి, పిల్లల గురించి గమనించినవి తేదీతో రెండు వాక్యాలు రాసి ఉంచండి. పూర్వ విద్యార్థులు పిల్లల వ్యాసాలు చదివిపెట్టండి. అర్థం కాని చోట గీత గీయండి, మీరు తిరగరాయకండి. మొదటి విడత గడువులు సాధారణంగా నవంబరు మొదట్లో వస్తాయి కాబట్టి ఆగస్టుకల్లా మొదలుపెట్టాలి. నాతో కలిపి ముగ్గురం ఉన్నాం, ఇంకో నలుగురు కావాలి. భోజనాల దగ్గర నాకు పేర్లు ఇవ్వండి.