కుమ్మరుల కూడికలు

 

పెండ్లి కుదిరిన ఇంటివారు పాత్రల కొఱకు హైదరాబాదులోని బేగంబజారుకు పోవుట తెలంగాణమున చిరకాలముగా నున్న అలవాటు. నిజాం అలీఖాను పత్ని హుమ్దాబేగము వర్తకుల కిచ్చిన స్థలమున ఆ బజారు వెలసినదని ప్రసిద్ధి. రాగి, ఇత్తడి, అల్యూమినియము, స్టీలు మొదలుగా మట్టికుండను వంటయింటినుండి సాగనంపిన లోహము లన్నియు అచ్చట బారులు తీరి యుండును. అయినను అదే పెండ్లికి కావలసిన ఐరేని కుండలను బజారున కొనుట ఆచారము కాదు. మేళతాళములతో కుమ్మరి యింటికి పోయి, కానుక లిచ్చి, రంగులు దిద్దిన కుండలను నెత్తిన బెట్టుకొని తెత్తురు. వెల చెల్లించినంత మాత్రమున తీరిపోని సంబంధ మొకటి కలదని ఆ ఆచారము చాటుచున్నది.

వృత్తిపనివారి సభలకును ఈ మాట వర్తించును. కుమ్మరులు పది యూళ్లనుండి యొకచోట చేరినపుడు అధ్యక్షోపన్యాసము, తీర్మానములు కాగితముపై నిలుచును. కాని వృత్తికి మేలు చేయు మాటలు భోజన పంక్తిలోను, రాత్రి బసలోను పుట్టును. “మీ మన్ను ఆరునపుడు పగులునా? ఇసుక యెంత కలుపుదురు? ఆవము పేర్చిన నాడు వాన వచ్చిన నేమి చేయుదురు?” ఇట్టి ప్రశ్నలకు వేదికపై తావుండదు. కుండ అడుగును మూయుటకు లోపల రాయి ఆన్చి, వెలుపల చెక్కతో తట్టుదురు. ఆ దెబ్బ బరువు ఎంత యుండవలెనో ఏ యుపన్యాసమును చెప్పజాలదు. ప్రక్కన కూర్చుండి చూచి, విని, చేతితో పట్టుకొనవలసినదే.

1952 జూలైలో ఇంగ్లండు దేశపు డార్టింగ్టన్ హాలులో కుమ్మరుల యొక్కయు నేతపనివారి యొక్కయు అంతర్జాతీయ సభ జరిగెను. బెర్నార్డు లీచ్ అను ఆంగ్ల కుమ్మరి, జపానునుండి వచ్చిన యానగి సోయెత్సు, హమాడా షోజీ అందు ముఖ్యులు. యానగి ఉపన్యసించెను. హమాడా చక్రము ముందు కూర్చుండి పని చేసి చూపెను. సభ ముగిసిన పిదప వారి చెలిమి ముగియలేదు. ముగ్గురును కలిసి అమెరికాకు పయనమై, న్యూమెక్సికోలోని శాన్ ఇల్డెఫోన్సో పల్లెలో మారియా మార్టినెజ్ అను ఆదివాసి కుమ్మరి స్త్రీని దర్శించిరి. కాల్చునపుడు మంటను ఎండిన పేడతో కప్పి, పొగను బంధించి, కుండకు నిగనిగలాడు నలుపు తెచ్చుటలో ఆమె దిట్ట. పొగను బంధించిన నలుపు, గాలి నిచ్చిన ఎఱుపు అను నీ యగ్నిధర్మము తెలుగునేలపై ప్రాచీన సమాధులలో దొరకిన నలుపు ఎఱుపు పాత్రలను చేసినవారికిని తెలియును. మన్నెఱిగిన వారికి భాష అడ్డు కాదు.

భాష అడ్డయిన సభయు నొకటి హైదరాబాదు నగరముననే జరిగినది. 1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలలో సంఘ సంస్కార మహాసభ కూడినది. ఇతర భాషలలోని ప్రసంగములను నెమ్మదిగా విన్నవారు, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడ నారంభింపగానే గోల చేసి ఆపిరి. సంస్కారము కొఱకు కూడిన సభలో అతిథికి దక్కిన సంస్కార మది! ఆ రాత్రియే కొందఱు తెలుగువారు ఒక యింట చేరి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుట ఆ సంఘపు ఆశయములలో నొకటి. సభలో మూసిన నోరు సభ వెలుపల విప్పుకొన్నది.

కావున ఏ సభ విలువయైనను వేదికపై గాక, వేదిక నెక్కజాలని వానికి దక్కిన ఆదరమున తెలియును. కుమ్మరుల కూడికలలో అట్టి వారెవరు? మాటకారితనము లేని ముసలి పనివాడు ఒకడు. మన్ను జల్లించి, త్రొక్కి, కుండలకు రంగులు దిద్ది, గంప నెత్తి సంతకు మోసిన స్త్రీ మఱియొకతె. వృత్తిలో సగము బరువు మోసిన ఆమెకు అనేక స్థలములలో చక్రము ముట్టు నధికారమే లేకపోయెను. సభలలోను ఆమె వంటశాలకే పరిమితమైనచో ఆ సభ సగము సభయే. కుమ్మరి మొల్ల రామాయణమును వ్రాసిన జాతిలో ఈ లోపము నిలువరాదు.

ముసలివానిని మాటలాడుమని నిర్బంధింపక అతని ముందు చక్రము నుంచవలెను. స్త్రీలను ముందు వరుసకు పిలువవలెను. తీర్మానములు తగ్గించి, కలిసి భుజించుటకును పని చూచుటకును వేళ నెక్కువ యీయవలెను. యువకులు దగ్గఱ కూర్చుండి మన్నుల పేర్లు, పనిముట్ల పేర్లు వ్రాసి ఊరి గ్రంథాలయమున భద్రపఱుపవలెను. పుస్తకము లేని విద్యను వ్రాతకెక్కించుట గ్రంథాలయము చేయదగిన సేవ.

బేగంబజారు పాత్రలు ఇంటింట మెఱయుచుండుగాక! ఐరేని కుండల కొఱకు పోవుటకు ఊరిలో కుమ్మరి యిల్లు నొకటి మిగిలియుండుగాక! రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము ఆ యింటివారికిని పీట వేయుగాక!