ఘనీభవించిన వీర్యము – జీవశక్తి

1949వ సంవత్సరమున ఇంగ్లండులో క్రిస్టొఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ అను శాస్త్రజ్ఞులు, కోడిపుంజు వీర్యమును చక్కెర ద్రావణములలో ఘనీభవింపజేసి పలుమారులు విఫలులై, తుదకు చీటీ తారుమారైన ఒక సీసాలోని ద్రవముచే కృతార్థులైరి. పరీక్షింపగా అందు గ్లిసరిన్ ఉన్నట్లు తేలెను. చీటీ తప్పు ఇంతటి మేలొనర్చుట అరుదు!

వీర్యమును హఠాత్తుగా చల్లార్చినచో శుక్రకణమును కప్పియుండు కొవ్వుపొర బిగిసి చెడును. మరింత దిగువకు పోయినకొలది వెలుపలి నీరు మంచుగా మారి, మిగిలిన ద్రవమున లవణములు చిక్కపడి, కణములోని నీటిని వెలికి లాగును, లేదా లోపలనే సూదులవంటి మంచుపలుకులు పుట్టి కణమును ఛేదించును. మొదటి కీడును గుడ్డులోని పచ్చసొనయు, రెండవదానిని గ్లిసరినును కొంతవరకు వారించును. అయినను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిలువయుంచి కరగించునప్పటికి, ఆబోతు శుక్రకణములలో ఇంచుమించు సగము చలనశక్తిని కోల్పోవుట సామాన్యము. మిగిలినవానిలోను కొన్ని, ఈదుచున్నను, శిరస్సుపై తొడుగు చెడుటచే అండమును చొరజాలవు; కావున సూక్ష్మదర్శినిలో కదలికను మాత్రమే చూచి తృప్తిపడుట తగదని నా తలంపు.

మన ముర్రా దున్నల వీర్యము ఆబోతు వీర్యముకన్న సుకుమారము. పందిది మరింత సుకుమారమగుటచే, గడ్డకట్టింపక సుమారు 17 డిగ్రీలకు చల్లబరచినదానినే అధికముగా వాడుచున్నారు.

పల్లెలలో కృత్రిమ గర్భధారణ చేయునప్పుడు నష్టము తరచుగా తుదిఘడియనే కలుగును: వీర్యము నింపిన సన్నని గొట్టమగు స్ట్రాను నత్రజని డబ్బా మూతిదాక ఎత్తి తీరికగా వెదకరాదు; తీసినవెంటనే 37 డిగ్రీల నీటిలో అరనిమిషముంచి, తడి తుడిచి, ఆలసింపక గర్భాశయమున ప్రవేశపెట్టవలెను.