విల్లుతో జింక వేట: ఎంత దూరం మీ దూరం?

ముందే ఒక మాట. ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకి ఇది వినడానికే, చేయడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వేట నేరం. ఇక్కడ అమెరికాలో లైసెన్స్ తీసుకుని, ఆర్చరీ సీజన్‌లో వైట్‌టెయిల్ జింక కోసం ట్రీ స్టాండ్ ఎక్కి కూర్చునేవాళ్ల కోసమే ఈ ఎపిసోడ్.

కొత్తగా విల్లు కొన్న ప్రతివాళ్లూ అడుగుతారు, "అన్నా, ఎంత దూరం నుంచి కొట్టొచ్చు?" అని. నేను తిరిగి అడుగుతా, "దేన్ని? బోర్డునా, జింకనా?"

గజాల్లో మాట్లాడుకుందాం. యార్డ్ అంటే మనం ప్లాట్లు కొలిచే గజమే కదా. జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ముందు కాలికి కాస్త వెనక, సుమారు 8 అంగుళాల వెడల్పు. పార్టీల్లో వాడే పేపర్ ప్లేటంత. అందుకే ఆ ప్లేటే మన టార్గెట్. 20 గజాల్లో మొదలుపెట్టి, అన్నీ ప్లేట్లో పడితే ఐదేసి గజాలు వెనక్కి వెళ్లండి. ఒక్క బాణం బయటికి పోయినా ఆగి, ముందున్న దూరానికి వచ్చేయండి.

కానీ ముప్పై బాణాలు వేసి చెయ్యి కుదిరాక వచ్చిన లెక్కని నేను నమ్మను. అడవిలో దొరికేది ఒక్క బాణం. అదీ చలిలో మూడు గంటలు కదలకుండా కూర్చున్నాక. కాబట్టి రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొదటి బాణాన్ని విడిగా చూడండి. వేటకి వేసుకునే లావు జాకెట్ వేసుకుని, కూర్చుని, అదే బ్రాడ్‌హెడ్ బరువుతో. ఆ రంధ్రం పక్కన మార్కర్‌తో తేదీ రాయండి. అలాంటివి పది పోగైతే, అవీ మీ అసలు మార్కులు.

ఇంతా చేసినా ప్లేటు కదలదండీ, జింక కదులుతుంది. లెక్క చూడండి. బాణం వేగం సెకనుకి 280 అడుగులు అనుకుందాం. శబ్దం సుమారు 1,100 అడుగులు పోతుంది. 40 గజాలంటే 120 అడుగులు. బాణం చేరడానికి 0.43 సెకను పడితే, వింటినారి చప్పుడు 0.11 సెకనుకే జింక చెవిలో ఉంటుంది. అంటే మధ్యలో సెకనులో మూడో వంతు టైం దానిది. పారిపోవడానికి జింక ముందు కాళ్లు ముడిచి కిందికి కుంగుతుంది. గుండెకి పెట్టిన గురి వీపు మీదుగా పోతుంది, లేదా తగలకూడని చోట తగులుతుంది. అదే 20 గజాల్లో ఆ టైం సగమే. అందుకని ప్లేటు మీద 40 కొట్టేవాళ్లు జింక మీద 25, మహా అయితే 30 దగ్గర ఆగాలని నా అభిప్రాయం. అది తలెత్తి చెవులు రిక్కించి చూస్తుంటే ఇంకా తగ్గించండి. ఎదురుగా మీ వైపే తిరిగి నిలబడితే ఏ దూరమూ మంచిది కాదు, వదిలేయండి.

దూరం కొలవడం జింక వచ్చాక కాదు. స్టాండ్ ఎక్కగానే రేంజ్‌ఫైండర్‌తో ఆ ఓక్ చెట్టు 22, ఈ పడిపోయిన మొద్దు 31 అని గుర్తుపెట్టుకోండి. పై నుంచి కొడితే లెక్క మారుతుందని చాలామంది కంగారుపడతారు. 20 అడుగుల ఎత్తులో కూర్చుని 20 గజాల్లో కొడితే తేడా ఒక్క గజమే. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

పెద్ద కొమ్ముల మగజింక 45 గజాల్లో వచ్చి నిలబడిందనుకోండి, ఆ నిమిషంలో మనసు మనతోనే బేరమాడుతుంది. కడుపులో బాణం తగిలిన జింక గంటల తరబడి బాధపడి చస్తుంది, మనకి దొరక్కపోవచ్చు కూడా. అందుకే నెంబర్ ఇంట్లోనే తేల్చి, టేపు ముక్క మీద రాసి విల్లుకి అతికించండి. నా విల్లు మీద 28 అని ఉంటుంది.

బాణం తగిలాక ఎంతసేపు ఆగి చెట్టు దిగాలన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ.