"మందు పడదు" అంటే ఏమిటి?

(తుడియలూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసేవారము. అయినా ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతి గనుక నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

"ఆ మందు నాకు పడదు" అని మన ఇళ్లలో తరచు అంటాము. ఇక్కడి ఆసుపత్రిలో తమిళములో చెప్పవలసివస్తే "ఒత్తుక్కాదు" అంటాము. కడుపులో తిప్పినా, దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా అన్నిటికీ అదే మాట. కాని వైద్యునికి ఈ మూడూ ఒకటి కావు.

పరాయి క్రిములు చొరబడకుండా మన ఒంటికి ఒక కాపలా ఉన్నది. కొందరిలో ఆ కాపలా మేలుచేయ వచ్చిన మందునే శత్రువని భ్రమిస్తుంది. తొలిసారి ఆనవాలు పట్టి ఊరుకుంటుంది. మలిసారి అదే మందు లోపలికి వస్తే విరుచుకు పడుతుంది. ఫ్రాన్సు దేశపు షార్ల్ రిషే ఈ వింతను 1902లో కుక్కలలో చూపి, 1913లో నోబెల్ బహుమానము పొందినాడు. 'అలర్జీ' అనే పేరు 1906లో వియన్నా వైద్యుడు ఫోన్ పిర్కే పెట్టినది. కనుక "పోయినసారి ఏమీ కాలేదు" అనే ధీమా చాలదు.

మందు పడిన కొద్ది నిమిషములలో, లేదా గంటలోపల, దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసము, సొమ్మసిలడము కనిపిస్తే అది ప్రాణాపాయము. వెంటనే తొడకు అడ్రినలిన్ ఇంజక్షను కావాలి. 108కి కబురు చేయాలి. కొన్నాళ్ల తరువాత జ్వరముతో ఒంటిపై బొబ్బలు, నోటిలో, కళ్లలో పుండ్లు వచ్చినా మందు ఆపి ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

పడకపోవడముగా కనిపించి, అది కానివి కూడా ఉన్నాయి. 1895లో భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో నడిపిన బృందము, బోదకాలు క్రిములకు డైఇథైల్‌కార్బమజైన్ అనే మందును 1947లో లోకానికి అందించినది. ఆ మాత్ర మ్రింగిన కొందరికి జ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. నెత్తురులో క్రిములు మెండుగా ఉన్నవారికే ఇవి ఎక్కువ. చచ్చిన క్రిములపై ఒంటి కాపలా లేవడమే అందుకు కారణము. సాధారణముగా కొద్ది రోజులలో సర్దుకుంటుంది. "పడలేదు" అని మాత్రలు పారవేసినవారు, మందు పనిచేసిన గుర్తును చూచి భయపడినట్లే.

పెన్సిలిన్ సంగతి కూడా చూడండి. అమెరికాలో నూటికి 10 మంది అది తమకు పడదంటారు. పరీక్షించి చూస్తే వారిలో నూటికి 90 మందికి పైగా పడుతుంది. నిజముగా పడనివారిలో సైతము 10 ఏండ్లు గడిచేసరికి నూటికి 80 మందికి ఆ గుణము పోతుంది. కీళ్లవాత జ్వరముతో గుండె చెడిన పిల్లలకు మూడు, నాలుగు వారములకు ఒకసారి ఇచ్చే పెన్సిలిన్ సూదే పెద్ద అండ. ఏనాడో అయిన వాంతిని చూచి "పడదు" అని వ్రాయిస్తే ఆ బిడ్డకు ఆ అండ పోతుంది. అట్లని ఇంటిలో మనమే పరీక్షలు చేయరాదు. అది ఆసుపత్రిలో, వైద్యుని కళ్లెదుట జరగవలసిన పని.

కనుక మా మనవి ఒక్కటే. ఇంటిలో ఎవరికి ఏ మందు పడలేదో ఒక చీటీ వ్రాసి పెట్టండి. కంపెనీ పేరు చాలదు. ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు, అట్టమీద ఉన్న అసలు పేరు వ్రాయండి. ఏ తేదీన, వేసుకున్న ఎంతసేపటికి, ఏమి అయినది, ఏ చికిత్సతో తగ్గినది అన్నవి కూడా ఉండాలి. మనము ఇంటిలో తెలుగు మాట్లాడినా, ఈ చీటీ మాత్రము తమిళములోను, ఇంగ్లీషులోను ఉండాలి. స్పృహ తప్పినవాని తరఫున మాట్లాడేది ఆ కాగితమే. ఒక ప్రతి సంచిలోను, ఒక ఫొటో సెల్‌ఫోనులోను ఉంచుకోండి.

ఈరోజు ప్రతి ఇంటా క్రొత్త పంచాంగము వస్తుంది. దాని ప్రక్కనే ఈ చీటీ కూడా చేరాలని కోరుతున్నాము.